మారుతాళం

పూసల వీధిలో, మేడ మెట్ల కింద
నాలుగడుగుల అంగడి నాది.
ఒక ఆకురాయి, ఒక సుత్తి,
గోడకు వేలాడే మూడొందల తాళంచెవులు.
చిత్తూరులో ముప్పైయేళ్ళుగా ఇదే పని,
ఈ వీధిలో మాత్రం బేరం తక్కువ.
మధ్యాహ్నం అన్నానికి పోతా
షట్టరు సగం దించితే చాలు,
మిగతా సగం పక్కంగడాయన చూపే.

టీ అంగడి చెంగమ్మ కొడుకు మొగిలేశు, తొమ్మిదేళ్ళోడు.
బడి వదిలినాక తీగె స్టాండులో ఆరు గ్లాసులు పెట్టుకొని
చుక్క ఒలకకుండా వీధంతా తిరిగేవాడు.
కనపడిన ప్రతి మొగోడూ వాడికి మామే.
తోతాపురి లారీలు గుజ్జు ఫ్యాక్టరీకి పోయే నెలలో
స్పీడుబ్రేకరు కాడ రాలిన కాయలు ఏరి
ఉప్పూకారం అద్ది
ఒక ముక్క నా చేతిలో పెట్టి పరిగెత్తేవాడు.
ఆ దినం కూడా పెట్టినాడు.

ఆ దినం గ్లాసులు తిరిగి రాలేదు.

తెల్లారి
దుప్పట్లమ్మే పరాయి ఊరోణ్ణి
కరెంటు స్తంభానికి కట్టి కొట్టినారు.
కొట్టినారు అనే ఇన్నాళ్ళూ చెప్తా వచ్చినా.
కొట్టినాం.

మూడో దినం పోలీసులు నాకు కబురంపినారు.
బియ్యం మండీ వెనక గోడౌను, తాళం తియ్యాల.
చూడంగానే తెలిసింది,
ఏడు లివర్ల ఇత్తడి తాళం, నా అంగట్లోదే.
కొన్నోడు బేరం కూడా ఆడలేదు.
రెండు చెవులు చాలవా అంటే
ఉండనీలే అని మూడోది చేయించుకున్నాడు.
వాడి పేరు నా నోట రాదు. మా వీధోడే.
వినాయకుడి పందిట్లో మొదటి చందా వాడిదే.

తాళం తీసినా.
తలుపు వాళ్ళు తీసినారు.
లోపల ఏముండిందో చెప్పను.
గడప పక్కన తీగె స్టాండు,
ఆరు గ్లాసులు బోర్లించి, వరసగా.
తాగినాక బోర్లించాలని
చెంగమ్మ నేర్పింది వాడికి.

ఆ నెలలో నేనమ్మినన్ని తాళాలు
పదేళ్ళలో అమ్మలేదు.
డబ్బులు తీసుకున్నా, ఎందుకు దాచాల,
నా కూతురికి ఫీజు కట్టినా.
నాలుగు స్తంభాలకు ఎనిమిది కెమెరాలొచ్చినాయి.
చలికాలమూ వచ్చింది,
దుప్పట్లమ్మేవాడు రాలేదు,
వాడి మాట ఎవురూ ఎత్తలేదు.

ఇప్పుడీ వీధిలో మొగోళ్ళం
పిలకాయల తల నిమరం.
కిందపడిన బిడ్డను లేపాలన్నా
ముందు వాళ్ళమ్మ యాడుందా అని చూస్తాం.
మామా అనే పిలుపు పోయింది.
అంకుల్ అంటారు, రెండడుగుల దూరం నుంచి.
తప్పు వాళ్ళది కాదు.
మా చేతులు మాత్రం
జేబుల్లో ఏం చేయాలో తెలీక
చిల్లర లెక్కపెడతా ఉంటాయి.

కర్మాంతరం అయినాక చెంగమ్మ స్టవ్వు వెలిగించింది.
ఎవురూ పోలేదు,
ఆమె ముందర నిలబడి ఒక గుక్క మింగేదెట్లా?
వారం అట్లే పాలు విరిగినాయి.
అప్పుడు గాజులంగడి షమీమ్‌బీ
తన ఇద్దరు ఆడపిల్లల్ని తెచ్చి బల్ల మీద కూర్చోబెట్టి
"హోంవర్కు ఈడనే చేస్తారు, చూస్తా ఉండు" అనేసి
వెనక్కి తిరగకుండా పోయింది.
మర్నాటికి ఐదుగురు.
ఇప్పుడు సాయంత్రమైతే పదిహేడు మంది,
స్టవ్వు రొదలో పదమూడో ఎక్కం.
చెంగమ్మ వాళ్ళతో పెద్దగా మాట్లాడదు.
గరిటె పట్టుకొని
అరగంటకొకసారి తలలు లెక్కపెడుతుంది.

నా రేకుడబ్బాలో ఒక చెవి ఉంది.
ఆ మూడోది చేసేటప్పుడు
పన్ను తప్పి చెడిపోయిన ముక్క.
ఆకురాయికి రెండు నిమిషాల పని,
పొడైపోతుంది.
పెట్టలేదు ఇంకా.

నాలుగైంది. టీ నా కాడికి రాదు ఇప్పుడు,
నేనే పోతా.
పిలకాయలకు దూరంగా, చివరి బల్ల మీద కూర్చుంటా.
తాగి, గ్లాసు కడిగి,
బోర్లించి వస్తా.