బిళ్ళ కింది గుడ్డ

సలాలాలో ఖరీఫ్ జల్లు మొదలైన మూడో రోజు
కుట్టుమిషన్ చక్రానికి నూనె వేస్తుంటే వచ్చాడు
మీరాన్ అనే బలూచీ కుర్రాడు.
పాలిథిన్ సంచిలోంచి బెరెట్ టోపీ తీసి
బల్ల మీద పెట్టాడు,
చచ్చిన పావురాన్ని పెట్టినట్టు.

"తాతది. బిళ్ళ పోయింది.
ఏ పటాలమో చెప్పగలవా?"

మా దుకాణం గోడకి ఒక అట్ట ఉంది.
ఇరవై రెండు ఫెల్టు ముక్కలు, ఒక్కొక్కటి తపాలా బిళ్ళంత.
కింద పటాలాల పేర్లు.
కుంజాలి సేట్ పదేళ్ళ కింద అతికించాడు,
ఇంగువ రంగుదాని కింద పేరు చెరిగిపోయింది.
ఇత్తడి బిళ్ళలు దూరం నుంచి అన్నీ ఒకటే,
అవే కత్తులు, అదే తళుకు.
మనిషిని పట్టిచ్చేది వాటి వెనక
గోరంత బయటికి కనిపించే గుడ్డ.

పద్దెనిమిదేళ్ళుగా ఆ గోరంత గుడ్డే నా కూడు.
సిరిసిల్లలో సాంచెల నడుమ పన్నెండు గంటలు నిలబడ్డ కాళ్ళు
ఇక్కడ పెడల్ మీదికి చేరాయి.
వేల్పుల ఓదెలు అంటే ఎవరికీ నోరు తిరగదు.
ఓడీ అంటారు. పలుకుతాను.

కుర్రాడి టోపీ మీద గుడ్డ ఏ రంగో
మొదట తెలియలేదు. ఎండ తాగేసిన రంగు,
కిళ్ళీ ఉమ్మిన గోడ ఏడాది తర్వాత ఉండే రంగు.
బిళ్ళ ఉన్న మేర మాత్రం ఎండ పడలేదు.
బిళ్ళ పోయినా దాని నీడ అక్కడే ఉంది
రెండు కత్తుల ఆకారంలో,
పచ్చిగా, దానిమ్మ గింజ ఎరుపు.

అట్ట మీద ఐదో ముక్క పక్కన పెట్టాను. కలవలేదు.
తొమ్మిదోది. కలవలేదు.
"ఎరుపుల్లో చాలా రకాలుంటాయి" అన్నాను,
ఏదో ఒకటి అనాలి కదా.

అప్పుడు చూశాను.
టోపీ అంతా చిమ్మటలు తిని జల్లెడ చేశాయి.
ఈ ముక్కని పురుగు ముట్టనే లేదు.

అంచు నుంచి ఒక పోగు లాగాను.
ఫెల్టుకి పోగెక్కడిది, అది నొక్కిన బొచ్చు.
దీనికి పడుగుంది, పేకుంది.
అగ్గిపుల్ల గీశాను.
ఉన్ని అయితే వెంట్రుక కాలిన కంపు రావాలి.
పాత లెక్కల పుస్తకం కాలిన వాసన వచ్చింది.
నూలు.

ఎవరో కోసిన గుడ్డ.
సంచో, దుప్పటో, ఆడమనిషి అంగీ చేతి అంచో.
కత్తెర కాదు, బ్లేడు.
ఒక మూల దగ్గర చెయ్యి జారింది.

వెనక్కి తిప్పాను. పదకొండు కుట్లు,
అన్నీ అటు వైపు వాలి ఉన్నాయి.
"మీ తాతది ఎడమచేతి వాటమా?"
నవ్వాడు. "తాతకి సూదిలో దారం ఎక్కించడమే రాదు.
నానమ్మే..." ఆగాడు.
"నానమ్మ అన్నీ కుడిచేత్తోనే చేస్తుంది."

రేకు మీద జల్లు సన్నగా గీరుతోంది.
అక్క పెళ్ళట. గాజు చట్రంలో పెట్టి
కింద పటాలం పేరు రాయించాలట.
ఐదో ముక్క పేరు చెప్పేయొచ్చు.
కొత్త ఫెల్టు కోసి, కొత్త బిళ్ళ గుచ్చి,
నాలుగు రియాళ్ళు తీసుకోవచ్చు.
కుంజాలి సేట్ అయితే అదే చేస్తాడు.
బిళ్ళబంట్రోతుకి ఊరు దండం పెట్టేది
మొహం చూసి కాదుగా.

"పటాలం తెలియదు" అన్నాను.
"ఇది గోదాములో ఇచ్చిన గుడ్డ కాదు.
ఎవరో చేత్తో ఇచ్చింది."

ఆ ముక్కని బొటనవేలితో కాసేపు రుద్దాడు.
"మరి కింద ఏం రాయించను?"

నాకేం తెలుసు.
ఊడిన మూల ఒకటుంది, అది కుట్టిస్తానన్నాను.
పాత తూట్లలోనే, కొత్త తూటు పడకుండా,
అటు వైపే వాలేలా కుట్టాలంటే
సూది ఎడమ చేతికి మార్చుకోవాలి.
మార్చుకున్నాను.
రెండుసార్లు గుచ్చుకుంది.

వంద బైసాలన్నాను.