నేల రేకు

మల్కాపురం సందులో, నీళ్ళ డ్రమ్ముల పక్కన
నాలుగు ఇటుక దొంతుల మీద కూర్చుంది కాంటెస్సా.
పోర్టు ఆఫీసరెవరో వదిలేసిన బండి.
తుక్కు ధర కట్టి వేలంలో నేనే తెచ్చాను.
"కారు కాదిది, నావ" అని వీధంతా నవ్వింది.
నిజమే. పొడుగు ముక్కు, వెడల్పు భుజాలు,
కదలకున్నా దూకబోతున్నట్టుండే వాటం.

ఉప్పుగాలి చక్రాల పైన మొదలెట్టి
కాళ్ళ కింద రేకుదాకా తినేసింది.
స్క్రూడ్రైవరుతో పొడిస్తే అప్పడంలా విరిగింది.
చెవుల్లో వైర్లు తీయకుండానే నూకరత్నం
"ఇదేటమ్మా, కిందంతా మట్టే కనపడతంది" అంది.
పదో తరగతి పరీక్షలయ్యాక
అది నాతో అన్న మొదటి పూర్తి వాక్యం.

పందొమ్మిదేళ్ళుగా షిప్‌యార్డులో వెల్డర్ని.
నా అతుకులన్నీ నీళ్ళ కిందే తిరుగుతుంటాయి,
ఏ రేవులో ఉన్నాయో నాకు తెలీదు.
కబుర్లు చెప్పడం రాదు. ముసుగు దాని చేతికిచ్చాను.
మెరుపుని చూడకు,
దాని వెనక కరిగే చుక్కని చూడు.

గాజువాక ఆటోనగర్లో కొట్టువాడు
"మీ ఆయన్ని పంపండమ్మా, పార్టు పేరు సరిగా చెప్తాడు" అన్నాడు.
నేను నోరు తెరిచేలోగా
రత్నం జేబులోంచి పాత ప్లగ్గు తీసి బల్ల మీద పెట్టింది.
"ఇసుజు ఇంజను. దీని తమ్ముళ్ళు నలుగురు కావాలి.
పేర్లు మీరే పెట్టుకోండి."
తిరుగు బస్సులో చెరో కిటికీలోకి చూస్తూ
విడివిడిగా నవ్వుకున్నాం.

వానలొచ్చాయి. కార్బురేటరు వంటింట్లోకొచ్చింది.
చింతపండు నీళ్ళలో ఇత్తడి జెట్లు,
పోపుల పెట్టె మూతలో సన్న మరలు.
ఆ నెలంతా చారుకి పెట్రోలు వాసన.

రెండుసార్లు పోట్లాడుకున్నాం.
రంగు గురించి ఒకసారి,
ఎవరిదో చెప్పని ఫోను గురించి ఒకసారి.
రెండోదానికి వారం పని ఆగింది.
ఎనిమిదో రోజు అదే వచ్చి జాకీ ఎత్తింది.

నేల రేకు చివరి మూర అదే అతికింది.
వంకరగా, మధ్యలో చీమల బారులా తెగి, మళ్ళీ లావుగా.
"గ్రైండింగు కొట్టేయనా?"
"నీళ్ళు కారకపోతే చాలు."
బకెట్టు కుమ్మరించి చూశాం. కారలేదు.

ఆదివారం తెల్లారకముందే స్టార్టయింది.
కుక్కలు లేచాయి. ఎదురింటి అప్పలనర్సమ్మ లైటు వేసింది.
రిఫైనరీ మంట ముందద్దం మీద ఊగింది.
నాకు లైసెన్సు లేదు, దానికి వయసు రాలేదు.
ఎక్కడికెళ్తాం?
రంగు పడని బండిలో పక్కపక్కన కూర్చుని
యారాడ కొండ మీద చీకటి పలచబడేదాకా
ఇంజను చెప్పేదే విన్నాం.

చెప్పు విడిచి
ఆ వంకర అతుకు మీద మడమ ఆనించాను.
గోరువెచ్చగా ఉంది.