రబ్బరు సామాన్లు వర్తించవు

లక్షా నలభై రెండు వేల ఆరువందల పదకొండు.
మీటరు మీద వేలు పెట్టి ఒక్కొక్క అంకె సదివిన,
చిట్టీ పుస్తకం సదివినట్టు.
నాచారం షోరూముల ఏసీ సల్లగుంది.
కారుకు అత్తరు గొట్టిన్రు,
సీట్ల కింద మాత్రం ఎవరెవరివో పాత ప్రయాణాల వాసన:
కమలాపండు తొక్క, పిల్లల వాంతి, తెల్లారుజామున ఎయిర్‌పోర్టు.

సేల్స్ పిలగాడు, మెడల ట్యాగు, పేరు తరుణ్.
"అక్కా, ఇంకో ఇరవై ఆరు వేలు పెట్టున్రి,
రెండేండ్లు వారంటీ. నిమ్మళంగ పండుకోవచ్చు" అన్నడు.
నిమ్మళానికి ధర కట్టినోన్ని గదే మొదలు జూసుడు.
పొద్దుగాల నాలుగింటికి లేసి
అరవై డబ్బాల అన్నం సర్దేదాన్ని,
నా నిద్ర రేటు వానికెట్ల తెలిసిందో.

కాగితం అడిగిన. పన్నెండు పేజీలు.
మొదటి పేజీల నవ్వుకుంట ఒక కుటుంబం,
తొమ్మిదో పేజీల అసలు సంగతి,
చీమ తలకాయంత అక్షరాలు:
క్లచ్చు ప్లేటు వర్తించదు. బ్రేకులు వర్తించవు.
బ్యాటరీ, బల్బులు, బెల్టులు, రబ్బరు సామాన్లు వర్తించవు.
బయటి మెకానిక్కు చెయ్యి పెడితే ఏదీ వర్తించదు.
అరుగుదల వల్ల వచ్చేది అసలే వర్తించదు.

ఇంత దూరం తిరిగినదానికి
అరుగుదల గాక ఇంకేమొస్తది తమ్మీ
అని అడగబోయి,
మోకాలు పట్టుకొని కుర్చీల నుంచి లేసిన.

మౌలాలి కమాన్ దాటినంక రైల్వే గోడ పక్కన
జానిమియా షెడ్డు.
ఇంజన్ స్టార్ట్ జేయమన్నడు. ఆయిలు మూత తీసి,
పొగకు అరచెయ్యి అడ్డం పెట్టి, కండ్లు మూసుకొని ఇన్నడు.
"ఇంజన్ అచ్ఛా ఉందమ్మా. గేర్‌బాక్సుకు నేను మాటియ్య.
ఆ ఇరవై ఆరు వేలు వాళ్ళకెందుకు, డబ్బాల ఏసి పెట్టు.
బండి అడిగిన్నాడు ఇయ్యి. అడగకుంటే నీవే."
సుపారీ ఊసి ఇంకో మాట గూడ అన్నడు:
"గేర్‌బాక్సు పోతే నన్ను తిట్టకు."

పాలపిండి డబ్బ మీద 'బండి' అని రాసి
ధనియాల ఎనుక పెట్టిన.

ఎండాకాలం ఏసీ కంప్రెసర్ తొమ్మిది వేలు తిన్నది,
కాగితం ఉంటే వాళ్ళు ఇచ్చేటోళ్ళేమో.
వానల్ల లాలాపేట బ్రిడ్జి ఎక్కంగ క్లచ్చు, ఆరు వేలు,
ఎనుక హారన్లు, ముందట డబ్బాలల్ల సల్లారే పప్పుచారు.
కాగితం ఉన్నా ఇయ్యకపోదురు.
రాత్రి అంట్లు తోముకుంట రెండు దిక్కులా కూడుత,
ఒకపూట తరుణ్ గెలుస్తడు, ఒకపూట జానిమియా.

దసరా ముందట షెడ్డుకు తాళం.
చాయ్ బండి కాడ పిలగాడు చెప్పిండు:
ఉస్తాద్‌కు కుడికన్ను ఆనుతలేదు,
మంచి లెన్సు ఏద్దామంటే పదివేలు తక్కువైనయి.
ఇంజన్‌ను కండ్లు మూసుకొని ఇన్నప్పుడు
నేనది పనితనం అనుకున్న.

డబ్బ తీసిన. పదకొండు వేలున్నయి.
'బండి' అన్న అక్షరాలు గోడదిక్కు తిప్పి
పది లెక్కబెట్టిన.

నల్లద్దాలతోటి నెలకు ఒచ్చిండు.
పైసల మాట ఎత్తలే, బానెట్ ఎత్తిండు.
"నేనున్నన్ని రోజులు నీ బండికి మజూరీ లేదమ్మా."
రెంచి తుడుసుకుంట కొద్దిసేపాగి,
"సామాన్లకు మాత్రం పైసలు నీవే పెట్టాలె."
నవ్వొచ్చింది. ఈయనకూ ఉంది తొమ్మిదో పేజీ.

ఇప్పుడు మీటరు లక్షా డెబ్బై దగ్గర.
మూడో గేరుల సన్నగ మూలుగు మొదలైంది.
డబ్బాల వెయ్యి రూపాయలు.
జానిమియాకు ఇంక చెప్పలే.
పొద్దుగాల సర్దేటివి అరవై ఒకటైనయి:
ఆఖరుది మౌలాలి, రైల్వే గోడ పక్క,
ఉప్పు తక్కువ.