గోడ గడియారం లెక్క

కరేడు దాటినాక ఉప్పుకాలవ పక్కన
రొయ్యల చెరువు గట్టు మీద రేకుల షెడ్డు.
రాత్రి రెండున్నర.
నీళ్లలో ఆక్సిజన్ పడిపోతే
తనంతట తానే జనరేటర్‌ని లేపే కమాండు
నేనే రాశాను.
దాని ముందు 'టైమ్' అని ఒక్క మాట తగిలించి
ఎంటర్ కొట్టాను.

"అయిందా పాపా?"
మంచం మీంచే మాలకొండయ్య.
"ఇంకా లేదు."

తెర మీద మూడు అంకెలు పడ్డాయి.
మొదటిది నలభై ఒకటి, గోడ గడియారం లెక్క.
రెండోది ఒక సెకను కూడా లేదు,
కమాండు ఒళ్లొంచిన కాలం.
మూడోది దానికోసం
లోపలి మేస్త్రీ అటూ ఇటూ తిరిగిన కాలం. చిటికెడు.

"మిగతా నలభై యాడికి బోయినాయి?"

ఎక్కడికీ పోలేదు.
టవర్ కోసం, మునిగున్న మీటరు
పలుకుతుందేమోనని,
ఊరికే కూర్చుంది.

"కూర్చున్నదాన్ని గూడా లెక్క రాస్తారా మీరు?"

రాస్తాం అన్నాను.
ఆయన బీడీ వెలిగించుకుని చాలాసేపు
దాన్నే చూశాడు.

పన్నెండు గంటల రాత్రిలో ఆయన పనల్లా
కరెంటు పోయినప్పుడు హేండిల్ మూడు తిప్పులు,
టార్చితో గట్టు చుట్టూ రెండు నడకలు.
తక్కినదంతా నులకమంచం.
కానీ చక్రాల చప్పుడు ఆగితే
గురక మధ్యలో లేచి కూర్చుంటాడు.
చప్పుడుకి లేచేవాళ్లని చూశాను,
నిశ్శబ్దానికి లేచే మనిషి ఈయనొక్కడే.

"ఇంకోసారి నొక్కు. తొలి దోసె ఎట్టాగూ పెనానికంటుకుంటది."

నొక్కాను. ముప్ఫై మూడు.
మళ్లీ నొక్కాను. యాభై ఆరు.
సగటు తీస్తానన్నాను.

"సగటు రొయ్యంటూ ఉండదు పాపా.
తేలితే చెరువంతా తేలుద్ది."

ఫోన్లో ఓనర్ మెసేజి సాయంత్రం నుంచీ అక్కడే ఉంది:
'ఎంతసేపట్లో లేపుద్దమ్మా?
ఈ పంటతో వాచ్‌మన్ని ఆపేయొచ్చా?'

ఒక సెకను లోపే అని రాయొచ్చు.
అబద్ధం కాదు, రెండో అంకె అదే చెబుతోంది.
రాశాను కూడా.
తుడిపేసి
యాభై ఆరు అని కొట్టాను, కింద ఇంకో మాట:
'అదీ టవర్ ఉంటేనే.'

పంపు నొక్కితే
చిన్న గుండ్రం తిరుగుతూనే ఉంది.
మాలకొండయ్య చెప్పులు వెతుక్కుని
టార్చి అరచేతిలో కొట్టి
రెండో నడకకి బయల్దేరాడు.
ఇంకా తిరుగుతోంది.