ముప్ఫై ఎనిమిది

నెల తిరిగాక మొగల్రాజపురంలో
సూర్యావతిగారి మేడ మీద అందరం కలిశాం.
టీవీకి తీగ తగిలించి ఫోటోలు వేశారు.
ఈఫిల్ టవరు కింద ముప్ఫై ఏడుగురు,
మంచుకొండ మీద ముప్ఫై ఏడుగురు.
"మీరు ఎందులోనూ లేరేం వజ్రమ్మగారూ?" అన్నారెవరో.
నేనెక్కడో పక్కన నిలబడి
లెక్కపెడుతున్నాను మరి.

ఇరవై తొమ్మిదేళ్లు విద్యాధరపురం డిపోలో కండక్టర్ని.
మెట్టు మీద నిలబడి ఒక్క చూపు విసిరితే
వెనక సీటు దాకా ఎందరున్నారో,
టిక్కెట్టు తియ్యనిది ఎవరో
మెడ వంపును బట్టి చెప్పేదాన్ని.
రిటైరయ్యాక వచ్చిన డబ్బులో మూడో వంతు తీసి
ఒక్కసారైనా నన్నొకరు తీసుకెళ్లాలి,
నేను కిటికీ పక్కన ఊరికే కూర్చోవాలి
అనుకుని ఎక్కాను.

పన్నెండు రోజులు, ఏడు దేశాలు.
గొడుగుకి ఆకుపచ్చ రిబ్బను కట్టి ముందు నడిచేవాడు ఫణీంద్ర,
గుడివాడ కుర్రాడు, ఊరికో కొత్త జలుబు.
వాడి లెక్క ఎప్పుడూ తప్పే.
నలభై వచ్చిన రోజు చూస్తే
ఎవరో జపాను దంపతులు మా బస్సులో కూర్చుని
అనసూయమ్మగారి పులిహోర తింటున్నారు.

తెల్లారి నాలుగున్నరకే సామాను గది బయట పెట్టాలా!
రత్తయ్యగారు ప్యాంటూ చొక్కా పళ్లసెట్టూ
అన్నీ పెట్టెలో పెట్టి పంపేసి
తువ్వాలుతో తలుపు సందులోంచి "అమ్మా వజ్రమ్మా" అన్నారు.
ఒంటికి వెళ్లాలంటే వంద రూపాయలని
ఆడవాళ్లం నీళ్లు తాగడం మానేశాం.
ముందు సీటు దగ్గర మాటామాటా వచ్చి
ఇద్దరు వియ్యంకులు పలకరింపులు మానేశారు.
అనసూయమ్మగారు గదిలో తిరగమోత వేస్తే
పొగ గంట మోగి ఆరంతస్తుల జనం
నిద్ర బట్టలతో వీధిలోకి వచ్చారు.
ఆవిడా వచ్చారు, చారు గిన్నెతో.

అయినా ఒకటి చెప్పాలి.
ఆటోనగర్లో లేతు మిషన్ల మధ్య బతికిన రత్తయ్యగారు
టవరు పైకి ఎక్కనే లేదు.
దాని కాలి దగ్గర నిలబడి ఇనుమును తడిమి
"అంతా రివిట్లేనమ్మా, ఒక్క వెల్డింగు లేదు" అన్నారు.
గొంతు బొంగురుపోయింది.
స్విస్సు సరస్సు ముందు నిమిషం పాటు
మాలో ఎవరూ మాట్లాడలేదు.
"మన కృష్ణలో గానీ..." అని మొదలుపెట్టారాయన.
పూర్తిచెయ్యలేదు.
మేమూ అడగలేదు.

ఇక వెనిస్.
చీకటి పడుతోంది, ఆఖరి పడవ కట్టమీద ఆగి ఉంది.
లెక్కపెట్టాను. ముప్ఫై ఏడు.
మళ్లీ పెట్టాను. ముప్ఫై ఏడే.
"ఆపండి!" అన్నాను, బెంజి సర్కిల్ దాకా వినపడే గొంతుతో.
ఫణీంద్ర తుమ్ముతూ సందులన్నీ పరిగెత్తాడు.
వంతెనల మీద పేర్లు పెట్టి పిలిచాం.
వియ్యంకులిద్దరూ ఒకే టార్చి పట్టుకుని వెతికారు.
పడవ వెళ్లిపోయింది.
సూర్యావతిగారు నెమ్మదిగా నా చెయ్యి పట్టుకుని
"నిన్ను కలిపావా?" అన్నారు.

కలపలేదు.
కండక్టరు బండిలో ఉంటుంది గానీ
ప్రయాణికుల లెక్కలో ఉండదు.
ఇరవై తొమ్మిదేళ్లలో ఏనాడూ కలపలేదు.

ముప్ఫై ఏడుగురూ నవ్వారు.
మూడు వేల రూపాయలు దండగయ్యాయి, అయినా నవ్వారు.
నేనూ నవ్వాను, కొంచెం ఆలస్యంగా.

మేడ దిగి సిద్ధార్థ కాలేజీ దగ్గర సిటీ బస్సెక్కాను.
పాసు పర్సులోనే ఉంది, తియ్యలేదు.
ఆధార్ కార్డు చాపితే
కండక్టరు పిల్ల మిషను నొక్కి చీటీ చింపి ఇచ్చింది.
డబ్బు: సున్నా.
ప్రయాణికులు: ఒకరు.
వీధి దీపం వెలుగు పడినప్పుడల్లా ఇంకోసారి చదువుకున్నాను.

కిటికీ పక్కన సీటు మాత్రం దొరకలేదు.
బస్టాండు దాకా నిలబడే వచ్చాను.