వాటాల లెక్క

కాశీబుగ్గ గేటు పడింది.
గూడ్సు వెళ్ళేదాకా బండి మీదే కూచుని
ఫోనులో విన్నాను: "బాబూ, ఇది కదల్దు."

జీడి ఫ్యాక్టరీ ఆఫీసు గది.
కీబోర్డు మీద అక్షరాలు అరగలేదు,
జీడి నూనెకి నల్లబడ్డాయి.
పిక్కలు కొట్టే బల్ల నుంచి లెక్కల బల్లకి ఎదిగిన తవిటమ్మ గారు
ఎంటర్ నొక్కి, వెళ్ళి,
చేటెడు పప్పు ఏరి వచ్చినా
ఆ చిన్న చక్రం తిరుగుతూనే ఉంది.

"వైరస్సేటి?"
కాదమ్మా.
"పాతదయిపోనాదా, నానాగ?"
అదీ కాదు.

నాడి చూశాను.
ప్రాసెసరు ఖాళీగా ఉంది,
బస్తా దిగని రోజు కూలీలా.
మెమరీ సగం కూడా నిండలేదు.
డిస్కు గుమ్మం దగ్గర మాత్రం ఒకటే క్యూ.
కేబులు మార్చాను. డిస్కుకేమైనా జబ్బా అని పరీక్ష పెట్టాను.
లేదంది. నా తప్పుడు అనుమానాలకే గంట పోయింది.
టీ వచ్చింది, చల్లారింది.

అప్పుడు కనబడ్డాయి
గంటకొకటి చొప్పున స్నాప్‌షాట్లు,
వేలు.
ఒక్కటీ ఎవరూ తుడవలేదు.

"తిత్లీకి పుస్తకాలన్నీ తడిసి ముద్దయిపోనాయి బాబూ.
ఎవులికెంత ఇవ్వాలో తెలీనేదు.
అందికే గంటగంటకీ బొమ్మ తీసి దాసీమన్నారు ఓనరు గారు."

ఆవిడ కొట్టేసిన ప్రతి పేరూ అక్కడే ఉంది.
డయాలసిస్‌కి వెళ్ళి వెళ్ళి ఇక రాని దాలమ్మ
కూలి జాబితాలో లేదు.
డిస్కులో మాత్రం ఆ జనవరి గంటల్లో
రోజుకి పన్నెండు కిలోలు కొడుతూనే ఉంది.

తుడవడం మొదలుపెట్టాను.
ఇంకా మొరాయించింది!
మౌసు బాణం గాల్లో నిలబడిపోయింది.
తవిటమ్మ గారు నా మొహం చూశారు.
నేను గోడ మీది క్యాలెండరు చూశాను.

ఎవరో, ఎప్పుడో, ఎందుకో
కోటా లెక్క ఆన్ చేసి వదిలేశారు.
ఒక్క ముక్క చెరపాలంటే
అది ఎవరెవరి పొత్తులో ఉందో
వేల గడపలెక్కి అడిగి రావాలి.
ఉద్దానంలో పొత్తు తోట కొబ్బరికాయ ఒకటి దింపడానికి
దాయాదులందరి వేలిముద్రలూ కావాలన్నట్టు.

ఆపేశాను. ఒక్క వరుస, ఒక్క ఎంటరు.
చక్రం ఆగింది. జాబితా ఠక్కున తెరుచుకుంది.
పాత గంటలు అప్పటికింకా అక్కడే ఉన్నాయి,
దాదాపు అన్నీ.

ఇప్పుడు తీరిగ్గా అడిగాను: ఎన్ని ఉంచను?

"వారానికొకటి సాలదేటి.
దాలమ్మ ఉన్నదొకటి ఒగ్గీ బాబూ.
దానికి తొమ్మిది రోజుల కూలి బాకీ.
కొడుకొత్తే సూపించాల."

ఆ ఒక్కదానికి తేదీ బదులు పేరు పెట్టాను.
అది ఎంత చోటు తింటుందని ఆవిడ అడగలేదు.
అడిగినా, చెప్పే లెక్క
నేనే ఇందాక ఆపేశాను.