నైట్ హాల్ట్, లింగసముద్రం

ఇరవై ఆరేళ్లు ఈ ఎడంచేతి వేళ్ల సందుల్లో
నోట్లు నిలువుగా మడిచి పట్టుకున్నా.
చూపుడువేలికీ నడిమివేలికీ మధ్య పదులు,
ఆ పక్కన ఇరవైలు, ఆ పక్కన యాభైలు.
పొద్దున్నే మొదటి ట్రిప్పులో
ఐదొందల నోటు చాపినోడు నాకు పగోడు.
అందుకే అనుకున్నా,
నా వేళ్లకు ఎడంగా జరగడం కొత్తేం కాదని.

ఒంగోల్లో ఓ కాలేజీ పిల్లోడి దగ్గర
రెండువేల ఎనిమిదొందలకు సెకండ్ హాండ్‌లో కొన్నా.
నా బండిలోనే ఎక్కించి
నా గిటారుకు నేనే లగేజీ టికెట్ కొట్టుకున్నా.
మొదటి వారంలోనే తేలిపోయింది:
నోటు మెత్తన. తీగ కాదు.

గురువుకు పంతొమ్మిదేళ్లు. పేరు జెఫన్యా.
ఆదివారం ఆరాధన అయ్యాక
చర్చి వెనక, కుర్చీలు పేర్చిన గదిలో
నా బొటనవేలు పట్టుకుని గిటారు మెడ వెనక్కి జరుపుతాడు,
మా అమ్మ పలక మీద అ దిద్దించినట్టు.
"నెమ్మది అంకుల్. నిమిషానికి యాభై. అంతే."
యాభై అంటే ఎంతో నాకు తెలుసు.
చేతిమిషన్లు రాకముందు
పంచితో కమ్మీ మీద టక్కు టక్కుమని కొడుతూ
బండి పొడుగునా నడిచినోణ్ణి.
టికెట్. టికెట్. టికెట్.

సి నుంచి జి కి మారడానికి ఏడు నెలలు పట్టింది.
ఈలోగా మా కందుకూరు
ప్రకాశం నుంచి నెల్లూరుకు మారిపోయింది,
బోర్డులతో సహా.
నా ఉంగరంవేలు మాత్రం
ఉన్న చోటు నుంచి కదలనంది.

వేలికొసలు పొంగాయి, తోలు లేచింది,
ఇప్పుడు చింతగింజల్లా గట్టిపడ్డాయి.
డిపోలో హాజరు మిషను నా వేలిముద్ర
గుర్తుపట్టడం మానేసింది.
ఎవరు నువ్వు అన్నట్టు ఎర్రగా చూస్తుంది.
నాకూ ఆ అనుమానమే.

"ఏందబ్బా, రోజూ అదే ముక్క?"
సుభాషిణి ఒక్కసారే అడిగింది.
అదే కాదని చెప్పబోయి
విని చూస్తే, అదే.

ఎఫ్ అని ఒకటుంది.
చూపుడువేలు ఆరు తీగల మీదా అడ్డంగా పడుకోవాలి.
నెల రోజులు బలం కొద్దీ అదిమా.
మణికట్టు లాగింది, భుజం చెవిదాకా లేచింది,
బీపీ మాత్ర వేసుకునే వయసులో పళ్లు కొరికా.
ఆరుగురిలో నలుగురు పలికారు.
ఇద్దరు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు,
టికెట్ తీయనోళ్లు చూసే చూపుతో.

మొన్న సింగరాయకొండ మలుపులో
ఓ కుర్రోడు పైకమ్మీని రెండు చేతులా పట్టుకుని,
పట్టుకునే పోయి ఓ పెద్దామె మీద పడ్డాడు.
నేను ఆ పక్కనే
ఒక చేతిలో మిషను, ఒక చేతిలో చిల్లర,
దేన్నీ పట్టుకోకుండా నిలబడే ఉండా.
మోకాళ్లు వదులుగా ఉన్నాయి.
పాదాలు బండి మాట వింటున్నాయి.
ఇది నాకెవరు నేర్పారు?
ఇరవై ఆరేళ్ల గుంతలు.
బిగబట్టినోడే ముందు పడతాడు.

ఆ రాత్రి లింగసముద్రంలో హాల్ట్.
చల్లారుతున్న ఇంజిను టిక్కు టిక్కుమంటోంది.
డ్రైవరు పెంచలయ్య తువ్వాల ముఖాన కప్పుకుని
ముందు సీట్లో పడుకున్నాడు.
వెనక సీట్లో నేను.
భుజం దించా. దవడ వదిలా.
వేలిని అదమకుండా కాస్త పక్కకు వాల్చి
చేతి బరువును దాని దారిన పోనిచ్చా.

ఐదు పలికాయి.
మళ్లీ. ఐదు.
మళ్లీ. నాలుగు.
నవ్వొచ్చింది. మళ్లీ.

రిటైర్మెంటు ఇంకా పదేళ్లుంది.
ఆలోగా ఆ మూడో తీగ టికెట్ తీసుకుంటుందేమో చూడాలి.

దోమలకు అద్దాలు మూసి
గిటారు కవర్లో పెట్టబోతే
తువ్వాల కింద నుంచి పెంచలయ్య గొంతు:
"ఏందన్నా,
స్టేజీ రాలేదు గదా,
అప్పుడే ఆపావే?"